‘బాల్చీ తన్నేశారు’ అని సంతాపం చెప్తామా?

ప్రశ్న: విదేశీ బృందంతో కలిసి పనిచేసే ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. ఇంగ్లిష్ బాగుపడుతుందని మూడొందల ఇడియమ్స్ (జాతీయాలు) ఉన్న పుస్తకం కొని, అర్థాలతో సహా బట్టీ పట్టాను. మొన్న ఒక సహోద్యోగి తండ్రి చనిపోయారని తెలిసి ‘సారీ టు హియర్ యువర్ ఫాదర్ కిక్డ్ ద బకెట్’ అని మెసేజ్ పెట్టాను. ఆయన ఇప్పటిదాకా బదులివ్వలేదు. ఇంకోసారి మీటింగులో మా అమెరికన్ మేనేజర్ ‘లెట్స్ టేబుల్ దిస్’ అన్నారు. చర్చకు పెడదాం అన్నారనుకుని నా ఫైలు స్క్రీన్ మీద తెరిచాను. అందరూ తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు. పుస్తకంలో మాత్రం రెండింటికీ నేననుకున్న అర్థాలే ఉన్నాయి. వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాస్తున్నాను. ఇడియమ్స్ వాడకపోతే 7 బ్యాండ్ రాదంటున్నారు. నేనెక్కడ తప్పు చేస్తున్నాను? వీటిని ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ మెసేజ్ సంగతి చూద్దాం. ఇవాళే ఇంకో రెండు వాక్యాలు పంపండి: ‘ఐ యూజ్డ్ ద రాంగ్ వర్డ్స్ ఇన్ మై లాస్ట్ మెసేజ్, అండ్ ఐ యామ్ వెరీ సారీ. ప్లీజ్ యాక్సెప్ట్ మై కండోలెన్సెస్ ఆన్ ద లాస్ ఆఫ్ యువర్ ఫాదర్.’ అంతే. ఏ పుస్తకంలో చదివారో, ఎందుకలా రాశారో చెప్పుకోవద్దు. దుఃఖంలో ఉన్న మనిషికి మన ఇంగ్లిష్ పాఠాల గొడవ అక్కర్లేదు.

ఇక మీరు రాసినదాన్ని తెలుగులో పెట్టి చూడండి. మనకూ ‘బాల్చీ తన్నేశాడు’ అనే మాట ఉంది. దాని అర్థం చనిపోయాడనే. అలాగని ఆప్తుణ్ని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారట, విని బాధపడ్డాను’ అంటామా? పరమపదించారు, కాలం చేశారు, కన్నుమూశారు, పోయారు, చచ్చాడు, గుటుక్కుమన్నాడు, టపా కట్టేశాడు – చావు ఒకటే, మాటలు ఇన్ని. ఏది ఎవరి ముందు అనాలో మనకు ఎవరూ నేర్పలేదు, వినీ వినీ వచ్చింది. ఇంగ్లిష్‌లోనూ ఇవే మెట్లు ఉన్నాయి. సంతాపానికి ‘పాస్డ్ అవే’. వార్తలో, వైద్యుడి నివేదికలో ‘డైడ్’. ‘కిక్ ద బకెట్’ చనువున్నవాళ్ల మధ్య సరదాకి, అదీ ఎవరికీ నొప్పి తగలనప్పుడు. పాత ఫ్రిజ్ పాడైపోయినా ఈ మాటే అంటారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్‌లో వెలువరించిన వీధిభాష నిఘంటువులో ఈ మాట ఉంది. ఇన్నేళ్లయినా దానికి ఆ వీధి వాసన పోలేదు. మీ పుస్తకం అర్థం ఇచ్చి ఈ వాసన సంగతి వదిలేసింది.

పనిలో పనిగా ఇంకో రెండు. ‘పాస్డ్ అవుట్’ అంటే స్పృహ తప్పడం, దాన్ని ‘పాస్డ్ అవే’తో కలపొద్దు. ‘హిజ్ ఫాదర్ ఎక్స్‌పైర్డ్’ అని మనవాళ్లు మర్యాదకే రాస్తారు. బయటి దేశాలవాళ్లకు మాత్రం మందుల అట్ట మీద వేసే గడువు తేదీ గుర్తొస్తుంది.

మీ రెండో అనుభవంలో తప్పు మీది కాదు. ‘టేబుల్’ అనే క్రియకు అట్లాంటిక్‌కు ఆ పక్కా ఈ పక్కా పూర్తిగా ఎదురు అర్థాలున్నాయి. బ్రిటన్‌లో టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చను వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇరుపక్షాలూ కోరుతున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. కాబట్టి మీరు మంచి కంపెనీలోనే ఉన్నారు. ఇకమీదట ఆ మాట వినబడితే తలూపేయకుండా ‘సో వి విల్ కమ్ బ్యాక్ టు దిస్ లేటర్, రైట్?’ అని అడిగేయండి. విన్నదాన్ని మామూలు మాటల్లో తిరిగి చెప్పడాన్ని ఎవరూ అజ్ఞానం అనుకోరు. జాగ్రత్త అనుకుంటారు.

ఎదురు అర్థాలున్నవి తక్కువే. అర్థం ఒకటే అయి మాట మారేవి మాత్రం బోలెడు. బ్రిటన్‌లో ‘టచ్ వుడ్’ అంటే అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’. చిన్న విషయానికి పెద్ద రభస అయితే బ్రిటన్‌లో ‘స్టార్మ్ ఇన్ ఎ టీకప్’, అమెరికాలో ‘టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్’. ఇంట్లో దాచిన రహస్యమనే అస్థిపంజరం బ్రిటన్‌లో ‘కబర్డ్’లో ఉంటే అమెరికాలో ‘క్లాజెట్’లో ఉంటుంది. తేలిపోయిన విషయాన్నే సాగదీయడానికి బ్రిటిష్‌వాళ్లు చచ్చిన గుర్రాన్ని ‘ఫ్లాగ్’ (కొరడాతో కొట్టడం) చేస్తే అమెరికన్లు ‘బీట్’ చేస్తారు. వీటిలో ఏది వాడినా కొంప మునగదు. ఒకే మెయిల్లో రెండు దేశాల రూపాలనూ కలిపేయకుండా చూసుకుంటే చాలు.

ఆటల నుంచి వచ్చినవి మాత్రం ఇంకొంచెం చూసి వాడాలి. అమెరికన్ల మీటింగులో సగం మాటలు బేస్‌బాల్ మైదానంలోవే. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగారంటే ఉజ్జాయింపు లెక్క కావాలని. అప్పుడు దశాంశాలతో సహా లెక్కకట్టి రేపు పంపుతాననడం తప్పు. ‘పదీ పన్నెండు రోజులు పట్టొచ్చు’ అని అక్కడికక్కడే చెప్పేయాలి. ‘టచ్ బేస్’ అంటే ఓసారి పలకరించుకుని విషయం మాట్లాడుకోవడం. క్రికెట్ మాటల దగ్గర మనకు ఇంకో చిక్కుంది. ఆట తెలుసు కాబట్టి అర్థమూ తెలుసనుకుంటాం. ‘ద న్యూస్ నాక్డ్ హర్ ఫర్ సిక్స్’ అంటే ఆవిడ సిక్సర్ కొట్టినంత సంబరపడిందని కాదు, ఆ వార్తకు కుప్పకూలిపోయిందని. ఇక్కడ ఆవిడ బ్యాటు కాదు, బంతి. ‘బౌల్డ్ ఓవర్’ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: అవుటైపోవడం కాదు, ఆశ్చర్యానందాలతో ముగ్ధులైపోవడం. ‘ఐ వాజ్ బౌల్డ్ ఓవర్ బై హర్ కైండ్‌నెస్’ అంటే మెచ్చుకోలు. ‘స్టికీ వికెట్’ అంటే ఇరకాటం. తడిసి ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు తిరుగుతుందో తెలియక బ్యాటర్ పడే అవస్థ లోంచి పుట్టింది.

తెలుగువాళ్లకు అసలు గుంటలు వేరేచోట ఉన్నాయి. మన జాతీయం లాగే కనిపించి వేరే అర్థమిచ్చేవి అవి. ‘చెయ్యిచ్చాడు’ అంటే మనకు నమ్మించి మోసం చేశాడని. ‘హి గేవ్ మి ఎ హ్యాండ్’ అంటే సాయం చేశాడని. ‘కాళ్లు పట్టుకుని లాగడం’ మనకు ఎదుగుతున్నవాణ్ని కిందికి గుంజడం. ‘పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే ఉత్తుత్తి మాట చెప్పి ఆటపట్టించడం. ‘మై కొలీగ్ ఈజ్ పుల్లింగ్ మై లెగ్’ అని మీరు మేనేజర్‌కు ఫిర్యాదు చేస్తే ఆయన నవ్వి ఊరుకుంటాడు, తప్పు ఆయనది కాదు. ‘తల తింటున్నాడు’ను ‘ఈటింగ్ మై హెడ్’ అని దింపితే బయటివాళ్లకు అర్థం కాదు. ‘హి ఈజ్ డ్రైవింగ్ మి అప్ ద వాల్’ అనాలి. ‘హి బిట్ మై హెడ్ ఆఫ్’ అనే మాట ఉంది గానీ దానర్థం విసుక్కోవడం కాదు, కసురుకోవడం. ‘గాల్లో కలిసిపోయింది’ అంటే మనకు ఇక లేనట్టే. ‘అప్ ఇన్ ది ఎయిర్’ అంటే ఇంకా తేలలేదని. ప్రాజెక్టు ‘అప్ ఇన్ ది ఎయిర్’ అన్నారని మీరు ఫైళ్లు కట్టిపెట్టేస్తే కష్టం.

వీటికంటే కనిపెట్టడం కష్టమైనది స్వరంలోని తేడా. ‘వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్’ పక్కన మీ పుస్తకంలో బహుశా ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అని ఉండవచ్చు. బొమ్మ ఒకటే: నీళ్లు పడినా తడి అంటని వీపు. కానీ మన మాటలో తిట్టుంది, ఎంత చెప్పినా బుద్ధి రాదని. ఇంగ్లిష్ మాటలో చాలాసార్లు మెప్పు ఉంటుంది, విమర్శలను మనసుకు తీసుకోడని. మీ సహోద్యోగి మొండితనాన్ని ఎత్తిపొడుద్దామని ఇది వాడితే ఆయన థ్యాంక్స్ చెప్పవచ్చు. ‘దూరపు కొండలు నునుపు’నూ ‘ద గ్రాస్ ఈజ్ ఆల్వేస్ గ్రీనర్’నూ కూడా ఒకేచోట కట్టేస్తుంటారు. మనది దూరం వల్ల లోపాలు కనబడవని చెప్తుంది, వాళ్లది పక్కవాడి బతుకు మీద ఆశను పట్టిచూపుతుంది. చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకోటి సరిపోతుంది, అన్నిచోట్లా కాదు. చక్కగా అతికేవి లేకపోలేదు. ‘మొసలి కన్నీరు’, ‘అందని ద్రాక్ష పుల్లన’, ‘పిల్లి మెడలో గంట’, ‘గోడ మీద పిల్లి’కి ‘సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్’, ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’కి గుర్రం పారిపోయాక లాయం తలుపు మూయడం. వీటి గురించి బెంగపడనక్కర్లేదు.

కన్నుకు సంబంధించిన మాటలు చూడండి, ఒక్క చిన్న మాట మారితే ఏమవుతుందో తెలుస్తుంది. ‘కీప్ ఎన్ ఐ ఆన్ మై బ్యాగ్’ అంటే నా సంచీ మీద ఓ కన్నేసి ఉంచమని. ‘హి హ్యాజ్ హిజ్ ఐ ఆన్ మై బ్యాగ్’ అంటే నా సంచీ మీద కన్నేశాడని. తెలుగులో ‘కన్నేసి ఉంచు’కీ ‘కన్నేశాడు’కీ ఉన్న దూరమే ఇదీ. ‘కీప్’ బదులు ‘హ్యావ్’ పడితే కాపలావాడు దొంగయిపోతాడు.

దీన్నిబట్టి ఒక పద్ధతి దొరుకుతుంది. ఇడియమ్‌ను ఒక్క మాటలా నేర్చుకోవాలి, విడదీయకుండా. ‘నీళ్లు నమిలాడు’ అనే మనం ‘మజ్జిగ నమిలాడు’ అనం కదా. అయితే అన్నీ ఒకే గట్టితనంతో ఉండవు. ‘కిక్ ద బకెట్’లో కాలం మారుతుంది, ‘కిక్స్’ అనొచ్చు, ‘కిక్డ్’ అనొచ్చు. ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అన్నారో, జాతీయం ఎగిరిపోయి నిజం బకెట్ దొర్లుతుంది. ‘స్పిల్ ద బీన్స్’ అలా కాదు. ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అన్నా రహస్యం బయటపడిందనే అర్థం వస్తుంది. కారణం తేలికే. రెండోదాన్ని ముక్కలుగా సరిపోల్చుకోవచ్చు: బీన్స్ అంటే రహస్యం, స్పిల్ చేయడమంటే బయటపెట్టడం. అందుకే ముక్కలు అటూ ఇటూ కదులుతాయి. మొదటిదాంట్లో బకెట్ దేనికి గుర్తో చెప్పలేం. అది మొత్తంగా ఒకే గడ్డ. కొత్త ఇడియమ్ ఎదురైనప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: లోపలి ముక్కలకు విడివిడిగా అర్థం చెప్పగలనా? చెప్పలేకపోతే దాన్ని కదిలించకండి.

మన నోటికి జారేవి ముఖ్యంగా ‘ఎ’, ‘ద’. తెలుగులో అవి లేవు కాబట్టి చెవి వాటిని వదిలేస్తుంది. ఇవాళ్టికి పని చాలిద్దామనడానికి ‘కాల్ ఇట్ ఎ డే’ అనాలి, ‘కాల్ ఇట్ ద డే’ అనకూడదు. రెండు పరీక్షలు సులువుగా ఉన్నా ‘దే వర్ ఎ పీస్ ఆఫ్ కేక్’ అనే అంటారు, ‘పీసెస్’ అనరు. బాగా ఖరీదైందనే ‘కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’లో ‘మై’ దూర్చొద్దు. ‘బిహైండ్ టైమ్’ అంటే ఆలస్యం, ‘బిహైండ్ ద టైమ్స్’ అంటే కాలం చెల్లిన మనిషి. బస్సు రాలేదని చెప్పబోయి డ్రైవర్‌ను తిట్టినట్టవుతుంది.

ఇప్పుడు ఆ మూడొందల సంగతి. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టండి. అలాంటి జాబితాల్లో బొమ్మ కట్టే మాటలే ముందుంటాయి. ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ వాటికి పెద్దన్న. పాఠాల్లో కురిసినంతగా ఆ వాన మాటల్లో కురవదు. మామూలుగా అనేది ‘ఇట్స్ పోరింగ్’. ఆ మాట పాత ఇళ్ల గడ్డికప్పుల మీద నుంచి కుక్కలూ పిల్లులూ జారిపడటం వల్ల పుట్టిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. 1999లో ఈమెయిళ్లలో తిరిగిన కట్టుకథల మూటలో అదొకటి, నమ్మకండి. పుట్టుక కథలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి, వాడకానికి పనికిరావు.

పుస్తకం స్థానంలో ఓ నోటుబుక్కు పెట్టుకోండి, మీ మీటింగుల్లో, మెయిళ్లలో నిజంగా ఎదురైనవే అందులోకి ఎక్కించండి. వారానికి ఐదు చాలు. ప్రతిదానికీ అర్థంతోపాటు రూపం, స్వరం, అనకూడని చోటు, విన్న వాక్యం రాసుకోండి. ఒకటి చూపిస్తాను.

‘అండర్ ద వెదర్’. రూపం: ‘ఫీలింగ్’ లేదా ‘యామ్’, ‘ఈజ్’ తర్వాత వస్తుంది, ‘ద’ తప్పనిసరి, ముందు ‘ఎ బిట్’ చేర్చుకోవచ్చు. అర్థం: ఒంట్లో నలతగా ఉండటం. స్వరం: మాటల భాష, మర్యాదకు లోటు లేదు, మేనేజర్‌కు పెట్టే మెసేజ్‌లోనూ సరిపోతుంది. అనకూడని చోటు: ఆస్పత్రిలో చేరినవాళ్ల గురించి, పెద్ద జబ్బుల గురించి. విన్న వాక్యం: ‘ఐ యామ్ ఫీలింగ్ ఎ బిట్ అండర్ ద వెదర్, సో ఐ విల్ స్కిప్ ద కాల్.’

స్వరం తెలిసేదెలా అంటే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం వేసిన నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇన్‌ఫార్మల్’, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’, ‘హ్యూమరస్’, ‘డిసప్రూవింగ్’, ‘బ్రిటిష్ ఇంగ్లిష్’ లాంటి గుర్తులుంటాయి. అందరూ అర్థం చదివేసి వాటిని దాటేస్తారు. మీరు వాటినే ముందు చదవండి. ‘టేబుల్’ దగ్గర రెండు దేశాల అర్థాలూ అలాగే విడివిడిగా కనిపిస్తాయి. ‘కట్ కార్నర్స్’ చూడండి. దగ్గరి దారిలో పని తేల్చడమనుకుని ‘వి కట్ కార్నర్స్ అండ్ ఫినిష్డ్ అర్లీ’ అని గర్వంగా రాసేవాళ్లున్నారు. అది నాణ్యతను గాలికొదిలేశామని ఒప్పుకోవడం! ‘హ్యాండ్ ఇన్ గ్లవ్’ కూడా అంతే, తరచూ కుమ్మక్కు వాసన వేస్తుంది.

అర్థం చేసుకోవడానికి ఎన్నయినా నేర్చుకోండి, నోటితో అనడానికి మాత్రం తొందరపడకండి. ఒక ఇడియమ్‌ను ముగ్గురు వేర్వేరు మనుషుల నోట విన్నాక మొదలుపెట్టడం మంచి లెక్క. మీ పనికి ముందుగా అక్కరకొచ్చేవి ఇవి: ‘ఆన్ ద సేమ్ పేజ్’ – అందరికీ ఒకే అవగాహన ఉండటం. ‘కీప్ మి ఇన్ ద లూప్’ – జరిగేది నాకూ తెలియజేయండి. ‘ఆన్ ద బ్యాక్ బర్నర్’ – ప్రస్తుతానికి పక్కన పెట్టాం, మానేయలేదు. ‘బ్యాక్ టు స్క్వేర్ వన్’ – మళ్లీ మొదటికొచ్చింది. ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ – ఇక చేయాల్సింది మీరే. ఈ చివరిది పైఅధికారికి రాసేటప్పుడు కాస్త కటువుగా ఉంటుంది, ‘లెట్ మి నో హౌ యు వుడ్ లైక్ టు ప్రొసీడ్’ అనడం మేలు. ‘హెడ్స్ అప్’ ఒకటి కనిపెట్టుకోండి. ‘జస్ట్ ఎ హెడ్స్ అప్’ అంటే ముందుగా చెబుతున్నానని. ఎవరైనా ఉత్తినే ‘హెడ్స్ అప్!’ అని అరిస్తే మీ మీదికి ఏదో వస్తోందని, తప్పుకోండి.

పరీక్ష విషయానికొస్తే, మీకు చెప్పినవాళ్లు సగం నిజమే చెప్పారు. స్పీకింగ్‌లో 7 బ్యాండ్ వర్ణనలో తక్కువ వాడుకలో ఉన్న, ‘ఇడియమాటిక్’ పదజాలం కొంత వాడాలనే ఉంది. కానీ శైలి, మాటల పొందిక మీద కొంత ఎరుక కనబడాలనీ ఆ వాక్యంలోనే ఉంది. ‘ఇడియమాటిక్’ అంటే సామెతలు గుప్పించడం కాదు, ఆ భాషవాళ్లు అన్నట్టు అనడం. వానను ‘స్ట్రాంగ్ రెయిన్’ అనకుండా ‘హెవీ రెయిన్’ అనడం ఇడియమాటిక్. ‘ఇట్ స్లిప్డ్ మై మైండ్’, ‘ఐ కాంట్ మేక్ అప్ మై మైండ్’, ‘ఆఫ్ ద టాప్ ఆఫ్ మై హెడ్’, ‘ఇన్ ద లాంగ్ రన్’ – ఇలాంటివి మాటల్లో కలిసిపోతాయి, అతికించినట్టుండవు. పైగా పదజాలం నాలుగు కొలమానాల్లో ఒకటి మాత్రమే. ధార, వ్యాకరణం, ఉచ్చారణలకూ సమానమైన వాటా ఉంది. 11 నుంచి 14 నిమిషాల సంభాషణలో సహజంగా పడిన మూడు నాలుగు ఎక్కువే. ఇడియమ్ కోసం వెతుక్కుంటూ ఆగిపోతే పదజాలంలో వచ్చేది ధారలో పోతుంది.

రైటింగ్ రెండో టాస్క్‌లో, 250 మాటలకు తగ్గకుండా రాసే ఆ వ్యాసంలో, ‘పీస్ ఆఫ్ కేక్’ లాంటివి పూర్తిగా మానేయండి. అక్కడ కావలసింది నిఖార్సయిన వ్యాసభాష. ‘ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టు సైడ్స్’ అని మొదలుపెట్టే అలవాటుంటే ఆ వాక్యం కొట్టేసి రెండో వాక్యం నుంచి చదివి చూడండి, వ్యాసానికి ఏ లోటూ రాదు.

పరీక్ష అయ్యేదాకా, ఈ నెల రోజుల్లో మాత్రం, నోటుబుక్కులోకి కొత్తవి ఎక్కించొద్దు. మూడొందల్లోంచి మీరు నిజంగా విన్నవి పదిహేను ఏరండి. ఒక్కోదాన్నీ మీ జీవితంలో జరిగిన విషయానికే తగిలించి వాక్యం కట్టి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, మర్నాడు వినండి. ఏ వాక్యం దగ్గర మీ గొంతు బట్టీ పద్యం అప్పజెప్పినట్టు మారుతుందో ఆ ఇడియమ్‌ను జాబితాలోంచి తీసేసి, దాని చోట మామూలు మాట పెట్టుకోండి.